ఎముక కింద పెట్టిన మెత్త

ఎన్నో ఏళ్ళుగా మోస్తున్న మాట ఇది. నా భార్యకీ చెప్పలేదు. మీరు నన్నెరగరు గనక మీకు చెబుతున్నాను.

బరంపురంలో, బడా బజార్ వెనక నా గది. పాదాల నొప్పులున్నవాళ్ళకి చెప్పుల్లో పాదం కింద అమర్చే సోళ్ళు కొలిచి చేస్తాను. భంజనగర్ నుంచి కూడా బస్సెక్కి వస్తారు. కర్ర పట్టుకుని వచ్చినవాళ్ళు దాన్ని నా గుమ్మంలోనే మరిచిపోయి వెళ్ళడం చూశాను. గర్వం ఉంది. ఎందుకు దాచాలి?

కానీ ఎర్రమ్మ ఉంది.

గోపాల్‌పూర్‌లో తట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మేది. నడిస్తే కాలివేళ్ళ మొదట్లో మంట. అక్కడి ఎముకల మీద బరువు పడకుండా, వాటికి కాస్త వెనగ్గా సోలులో చిన్న మెత్త పెట్టాలి. పెట్టి ఇచ్చాను. అప్పుడప్పుడే నాకు పేరొస్తోంది. కొద్దిరోజులకే కుంటుతూ తిరిగొచ్చింది.

"ఏటి బాబూ ఇది, అడుగేత్తే మేకు దిగినట్టుంది. ఓపాలి సూడు."

చూడలేదు. గది నిండా జనం. వాళ్ళ ముందు నా పని తప్పిందని ఎలా ఒప్పుకోను?

"సెప్పులెరగని కాళ్ళు కదా ఎర్రమ్మా, అలవాటు పడాల. తియ్యకుండా ఏసుకో," అన్నాను.

ఎవరో నవ్వారు. ఆమె తల దించుకుని వెళ్ళిపోయింది. నా మాట నమ్మి, నెలల తరబడి తియ్యకుండానే వేసుకుంది. చివరికి అడుగు తీసి అడుగు వెయ్యలేకపోతే, కూతురు బడి మానేసి తట్ట ఎత్తుకుంది.

ఆ కూతురే ఆమెను మళ్ళీ తీసుకొచ్చింది. సోలు చేతిలోకి తీసుకోగానే తెలిసింది. మెత్త ఎముకల వెనక లేదు. సరిగ్గా వాటి కిందే అతికించాను. లోపలికి వెళ్ళి దాన్ని పీకేసి, మళ్ళీ కొలిచి, కొత్తది పెట్టి తెచ్చాను.

"ఇది కొత్త రకం," అన్నాను.

ఎర్రమ్మ గదిలో అటూ ఇటూ నడిచింది. ముఖం విచ్చుకుంది.

"నొప్పి నేదు బాబూ! నా కాళ్ళే నీ మాట ఇన్నేదు. సల్లగుండాల నువ్వు."

నోరు తెరవాల్సిన సమయం అదే. తెరవలేదు. పైగా సంతోషించాను, ఆ రెండో మెత్త అంత బాగా కుదిరినందుకు. తర్వాత నా పేరు నిలబెట్టిన పనితనమంతా అక్కడే మొదలైందంటే నమ్ముతారా?

ఎర్రమ్మ ఇప్పటికీ నడుస్తోంది. నా దగ్గరికి మనుషుల్ని పంపుతోంది. కూతురు మాత్రం మళ్ళీ బడికి వెళ్ళలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు ఆ అమ్మాయిది. నా పని మీద గర్వమూ పోలేదు, పోదు. కానీ ఈ ఒక్క మాట రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది: తప్పు ఎర్రమ్మ కాళ్ళది కాదు. నాది. తెలిసీ చెప్పలేదు.