తృప్తికి జీతం కుదిరిన ప్రేమ్‌కుమార్

కోరుట్ల ప్రేమ్‌కుమార్ దుబాయిలో చాలా ఏళ్లు టవర్ క్రేన్ నడిపాడు. ఆకాశంలో గాజుగదిలో కూర్చోవడం, కింద నిలబడ్డవాడు చెయ్యెత్తితే ఆపడం, దించితే దించడం, ఇదీ పని. జీతం మంచిదే. సెలవులో ఇంటికొచ్చినప్పుడు ఎవరో ఫోనులో ఒక ప్రసంగం పంపారు. నచ్చిన పని చేసేవాడికి అలుపే ఉండదట. ఆ మాట చెప్పడానికి ప్రసంగించినాయన ఎంత తీసుకున్నాడో మాత్రం అందులో లేదు.

జగిత్యాలలో రాజమౌళికి ఒక కేబుల్ చానల్ ఉంది. పెళ్లి, కొండగట్టు జాతర, శవయాత్ర, ఏదైనా సరే, గల్ఫ్‌లో ఉన్నవాళ్ల కోసం లైవ్ ఇస్తాడు. మూడు కెమెరాల్లో ఏ బొమ్మ జనానికి కనపడాలో బటన్ నొక్కి తేల్చే మిక్సింగ్ బల్ల ముందు ప్రేమ్‌కుమార్ ఒక్క సాయంత్రం కూర్చున్నాడు. ఇక లేవలేదు. అతను నొక్కితే లోకం మారుతోంది మరి, కనీసం కేబుల్ వైరు పోయినంత మేర.

జీతం సంగతి ఎత్తితే రాజమౌళి కొత్త కారు దిగుతూ, "తమ్మీ, పైసలు ఎవడన్న ఇస్తడు. తృప్తి ఎవడిస్తడు?" అన్నాడు. అన్నమాట ప్రకారం నెలనెలా తృప్తే ఇచ్చాడు.

ఇల్లు మాత్రం ప్రేమ్‌కుమార్ భార్య రజని చుట్టే బీడీల మీద నడిచింది. దుబాయి కంపెనీ నుంచి ఫోన్లు వస్తూనే ఉన్నాయి. నెలాఖరులోగా తిరిగి వెళ్లకపోతే వీసా పోతుంది. ఉద్యోగ సంతృప్తి గురించి భర్త చెప్పిందంతా ఆమె తునికాకులో పొగాకు చుడుతూ, పని ఆపకుండా విన్నది.

"తృప్తి నీకు, తునికాకు నాకు. గిదేం పంపకం?"

నెలాఖరుదాకా చూద్దామన్నాడు ప్రేమ్‌కుమార్. అలా చూస్తుండగానే కోనరావుపేటలో మొండయ్య చనిపోయాడు. కొడుకు దివాకర్ మస్కట్‌లో ఉన్నాడు, సెలవు దొరకలేదు. కొరివి పెట్టడానికి మొండయ్య అన్న కొడుకున్నాడు. కానీ దింపుడు కళ్లం దగ్గర, అంటే పాడెను దారిలో దించి శవం చెవిలో మూడుసార్లు పిలిచే చోట, తండ్రిని తానే పిలుస్తానన్నాడు దివాకర్. లైవ్ ఇవ్వడానికి వెళ్లిన ప్రేమ్‌కుమార్ శవం చెవి పక్కన ఫోనూ చిన్న స్పీకరూ పెట్టాడు.

"బాపూ" అని రెండు పిలుపులు వచ్చాయి. మూడోది రాలేదు. తెర మీద దివాకర్ నోరు తెరిచినట్టే ఉండిపోయి, ముఖం మీద తెల్లటి చక్రం తిరగసాగింది. ప్రేమ్‌కుమార్ చెయ్యెత్తాడు. పాడె మోసేవాళ్లు, డప్పులవాళ్లు, వచ్చిన ఊరంతా ఆగింది. ఇన్నేళ్లూ పరాయివాడి చెయ్యి చూసి ఆగిన మనిషికి ఆ క్షణంలో ఎంత ఆనందమైందంటే, శవం ముందు ముఖం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు.

పొద్దుగూకుతోందని పెద్దలు తొందరపెట్టారు. అప్పుడతను తనకు తెలిసిన విద్య చూపించాడు. రికార్డయిన రెండో పిలుపునే మళ్లీ స్పీకర్లోకి వదిలాడు. మూడూ అయ్యాయని పాడె లేచింది. నాలుగడుగులు పడ్డాయో లేదో, ఇరుక్కున్న అసలు పిలుపు "బాపూ" అంటూ రెట్టింపు గొంతుతో వచ్చిపడింది. డప్పు ఆగింది. నాలుగుసార్లు పిలిస్తే ఏమవుతుందో శాస్త్రం తెలిసినవాడు అక్కడ లేడు. ఇద్దరు మాత్రం ఎందుకైనా మంచిదని శవం వైపు తొంగిచూశారు. చివరికి ముసలి దశరథం, "మస్కట్ కెల్లి రావాలె గద, లేటయితది. నడువుండ్రి" అని తీర్పు చెప్పాడు.

చానల్ పరువు పోయిందని రాజమౌళి జీతంలో కోత వేశాడు. ఇవ్వని జీతానికి కోత ఎలా వేస్తారో ఆయనకే తెలియాలి. ప్రేమ్‌కుమార్ ఆ రోజే దుబాయి కంపెనీకి వస్తానని చెప్పేవాడే. ఈలోగా దివాకర్ ఫోన్ వచ్చింది.

"అన్నా, నేను లేకున్నా నా కోసం అందర్ని ఆపినవ్. దినాలకు నువ్వే రావాలె. పైసలు నీకే పంపుత, ఆ చానలాయనకు గాదు."

ఆ మాట స్పీకర్లో రజని కూడా విన్నది. బీడీల చాట పక్కకు జరిపింది. అప్పటిదాకా తృప్తి అనే వస్తువును నమ్మని మనిషి, తన బీడీల పీఎఫ్ తీసి సెకండ్ హ్యాండ్ కెమెరాలు కొనిపించింది. వీసా దాని మానాన అది పోయింది.

పని పెరిగింది. పొలం ఎండిన ఊరి నుంచీ, మగ్గం ఆగిన వాడ నుంచీ మనుషులు ఎంతమంది విమానమెక్కితే ప్రేమ్‌కుమార్‌కు అన్ని లైవ్‌లు. ఇప్పుడతను పెళ్లిళ్లలో కూడా ఉద్యోగ సంతృప్తి గురించి మాట్లాడుతున్నాడు, అడగకపోయినా.

సిరిసిల్లలో మరమగ్గాలు మూతపడినప్పుడు రజని తమ్ముడు శ్రావణ్ వచ్చాడు.

"బావా, సాంచాలు బందయినయి. నాకు గీ మిక్సింగ్ పని నేర్పు."

ప్రేమ్‌కుమార్ అతనికి టీ పోయించాడు. భుజం మీద చెయ్యేశాడు. "గీ లొల్లి నీకెందుకు బామ్మర్ది? దుబాయి పో. క్రేన్ మంచి పని. పైన గాలి సుత మంచిగొస్తది" అన్నాడు.

కెమెరా లెన్సు తుడుస్తున్న రజని తలెత్తింది. "గంత మంచిదైతే నువ్వే పోవద్దా?"

"నేను పోతే మీ తమ్మునింటి లైవ్ ఎవడిస్తడే?" అన్నాడు ప్రేమ్‌కుమార్, ఎంతో నిజాయితీగా.