నీటి మీద కొవ్వు పొర

ప్రయోగశాలలో ఆమెను అందరూ తొట్టక్క అనేవారు. పదకొండేళ్లుగా ఆమె పని ఒక్కటే. జానెడు పొడవు తెల్లటి తొట్టిలో శుద్ధజలం నింపి, కరిగించిన కొవ్వును సూదితో బొట్టుబొట్టుగా నీటి మీద వదిలేది. రెండు వైపుల నుంచి పట్టీలు దగ్గరకు జరుపుతూ, నీటి తలతన్యత, అంటే పైతలం బిగువు, ఎంత పడిపోయిందో రాసుకునేది. ఉత్త నీటికి డెబ్బై రెండు. పొర పరుచుకుంటే ఇరవై అయిదు. పట్టీలు నొక్కేకొద్దీ ఇంకా కిందికి. వేలి జిడ్డు తగిలినా కొలత పాడవుతుందని చేతులకు క్రీము రాయడం కూడా మానేసింది. "చేతులా, గరుకు కాగితాలా?" అని మొగుడు వేళాకోళం చేసేవాడు.

అలాంటి పొరే మన ఊపిరితిత్తుల్లోనూ ఉంటుంది. అది లేకపోతే లోపలి తడి గోడలు ముడుచుకుపోయి మళ్లీ తెరుచుకోవు. కొత్తగా చేరిన విద్యార్థులకు ఈ సంగతి ఆమే చెప్పేది.

పెళ్లయిన తొమ్మిదేళ్లకు కడుపు పండింది. ఆరో నెల నిండగానే నొప్పులొచ్చాయి. గుప్పెడంత ఆడపిల్ల.

"ఊపిరితిత్తులు ఇంకా తయారవలేదమ్మా. లోపల ఒక పొర..." అని డాక్టరమ్మ మొదలుపెట్టింది.

"తెలుసండీ. ఆ పొర కోసం మందు వేశారా?"

"రెండుసార్లు వేశాం."

ఆమె పాప దగ్గరకు వెళ్లింది. గాజుపెట్టెలో పాప ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతోంది.

"చూడు, ఎలా పోరాడుతోందో! మన పిల్ల మొండిది, గట్టెక్కుతుంది కదూ?" అన్నాడు మొగుడు.

"అవును," అంది ఆమె.

మూడో రోజు మధ్యాహ్నం పాప పోయింది.

నెలన్నర తర్వాత ఆమె పనిలోకి వచ్చింది. "వేరే పని ఇస్తానమ్మా," అన్నారు పెద్దసారు. "వద్దండీ, నాకొచ్చింది ఇదే," అని తొట్టి ముందు కూర్చుంది. ఆ రోజు కొలత చక్కగా వచ్చింది. పొర పరుచుకోవడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. అదే ఆమె గుండెను కోసేసింది.

సాయంత్రం ఇంటికెళ్లి చెప్పులైనా విడవకుండా మొగుడి ముందు నిలబడింది. "ఆ రోజు అవునన్నాను కదా. అబద్ధం. మొదటి గంటలోనే నాకు తెలిసిపోయింది."

అతను ఆమెను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"నాకూ తెలుసే. నీ మొహం చూస్తే తెలీదా? నీ నోట అవునని వినాలనిపించింది, అంతే."

పాప పోయాక ఇద్దరూ కలిసి ఏడవడం అదే మొదటిసారి. వాళ్లకు మళ్లీ పిల్లలు కలగలేదు. ఆమె మరో పధ్నాలుగేళ్లు ఆ పనే చేసింది.