బీరువా వెనక సముద్రం

మా ఓనరమ్మ పోయింది. మంగళవారం మధ్యాహ్నం ఎయిర్‌పోర్టు కార్గో షెడ్డులో పెట్టెల మీద చీటీలు సరిచూస్తుంటే ఆమె తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. "అక్కా, మా మేనత్త పొద్దుగాల పోయింది. మైలార్‌దేవ్‌పల్లిల మా ఇంట్లనే. నాలుగింటికి తీస్కపోతున్నం, జర జల్ది రా" అన్నాడు. సరేనని ఫోన్ పెట్టేసి, చేతిలో ఉన్న చీటీని మళ్ళీ మొదటి నుంచి చదివాను. ఏం చదివానో తెలియదు.

ఆమె పేరు ఇక్కడ రాయను. ఆరేళ్ళు ఆమె మేడ మీద గదిలో కిరాయికి ఉన్నాను, ఒక్కరోజు కూడా పేరుతో పిలవలేదు. మొదట్లో ఓనరమ్మగారూ అనేదాన్ని. "గారు గీరు ఏంది బిడ్డా, నేనేమన్న తాసీల్దారునా?" అని కసిరేది. తర్వాత అమ్మా అన్నాను. శంషాబాద్‌లో నేను అమ్మా అని పిలిచే మనిషి ఇంకొకరు లేరు.

పదకొండో రోజు దాటాక ఆ అబ్బాయే మళ్ళీ ఫోన్ చేశాడు. "మనిషి పోయింది గదా అక్కా, ఇల్లంత సున్నం ఏపియ్యాలె. ఆదివారం మనుషులొస్తరు. నీ గదిల సామాను జర గోడలకు దూరం జరుపు." మామూలు మాటే. మనిషి పోయిన ఇంటికి సున్నం వేయించడం అందరూ చేసేదే. కానీ నా గదిలో ఒక గోడ ఉంది. దాని మీద తెల్లసున్నం పడితే ఆమె చేతిది నాకింకేమీ మిగలదు. ఆ గోడ సంగతి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నాది చీరాల వైపు సముద్రపు ఒడ్డున ఊరు. నాన్న ముందే పోయాడు. అమ్మ పోయాక ఇల్లు కూడా చేతులు మారింది. సెలవు దొరికినా వెళ్ళడానికి చోటు లేదు. ఆ ఏడాదే ఫోన్లో వీడియోలు చూడడం మొదలుపెట్టాను, ఇంటిని సముద్రతీరంలా అలంకరించుకోవడం ఎలాగో చెప్పేవి. తెల్ల గోడలు, నీలం దిండ్లు, తాడు చుట్టిన అద్దం, గాజు సీసాలో ఇసుక, దాని మీద నాలుగు గవ్వలు. నేను వెళ్ళలేను కాబట్టి దాన్నే తెచ్చుకుందామనుకున్నాను. నవ్వకండి, ఒంటరిగా ఉండేవాళ్ళు ఇంతకంటే పిచ్చి పనులు చేస్తారు.

పార్సిళ్ళు వస్తే కింద ఆమే తీసుకునేది. పైకి తెచ్చి నా చేత విప్పించి, చూసి గానీ కదిలేది కాదు. గోడకు తగిలించే ప్లాస్టిక్ లంగరు వచ్చిన రోజు దాన్ని అటూ ఇటూ తిప్పి, "గిదేంది, బాయిల వడ్డ బొక్కెన తీసే పాతాళగరిగెనా?" అంది. పడవను ఆపడానికి వేసేదని చెప్పాను. "గింత అల్కగుంటే ఏం ఆపుతది?" అంది. నిజమే. నాన్న పడవ లంగరు నేను రెండు చేతులతో కూడా ఎత్తలేకపోయేదాన్ని. ఇది చిటికెన వేలికి వేలాడుతోంది.

ఆమె ఎప్పుడూ సముద్రం చూడలేదు. ఇప్పుడు విమానాలు దిగే చోట ఎక్కడో వాళ్ళ జొన్నచేను ఉండేదట. భర్త లేడు, పిల్లలు లేరు. సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఆకుకూర బాగుచేస్తూ, నేను రాగానే మొదలుపెట్టేది. సముద్రం ఏ రంగుంటది? రోజూ అదే రంగా? నీళ్ళు కాళ్ళ కింది మన్నును గుంజుతయంటరు, నిజమేనా? నేను డ్యూటీ అలసటలో ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఒకసారి తల మీదుగా విమానం వెళ్తే, ఆ చప్పుడు పోయేదాకా ఆగి, "గిట్లనే ఉంటదా? ఒకటి పోంగనే ఇంకొకటి?" అంది. దాదాపు అంతే అన్నాను. అప్పటి నుంచి విమానం వచ్చినప్పుడల్లా నా వైపు చూసి కనుబొమలు ఎగరేసేది.

సీసాలోకి ఇసుక కావాలంటే పక్కవీధిలో ఇల్లు కడుతున్న చోటు నుంచి కొంగులో కట్టుకొచ్చింది. చూస్తే రోబో ఇసుక, బండలు కొట్టి చేసిన బూడిదరంగు పొడి. "ఇది ఇసుక కాదమ్మా, రాళ్ళ పొడి" అన్నాను. "మా దిక్కు ఉన్నయే బండలు బిడ్డా. గీడ సముద్రముంటే గిట్లనే ఉంటుండె" అంది. ఆ సీసా ఇప్పటికీ కిటికీలో ఉంది.

ఇక గోడ. ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చేసరికి నా గది తలుపు తీసి ఉంది. ఆమె కిటికీ ఎదుటి గోడ పక్కన పీట మీద కూర్చుని ఉంది. ముందు బకెట్టు, చేతిలో పాత చీర గుడ్డ, మోచేతుల దాకా నీలం. వాళ్ళ ఊళ్ళలో సున్నం వేసిన గోడకు అడుగున ఎర్రమట్టి జాజు పట్టీ పూస్తారు, గుడ్డ ముంచి, చెయ్యి అర్ధచంద్రంలా తిప్పుతూ. ఆమె సున్నంలో బట్టలకు పెట్టే నీలిమందు కలిపి, అదే పద్ధతిలో నాకు సముద్రం పూస్తోంది. మోకాళ్ళ నొప్పులు, నిలబడలేదు. కూర్చున్న మనిషి చెయ్యి ఎంత ఎత్తు అందితే అంత దాకా నీలం ఉంది. "గింతే అందింది బిడ్డా. మీదిదంత ఆకాశమనుకో" అంది.

బాగుందమ్మా అన్నాను. బాగాలేదనే అనుకున్నాను. నా వీడియోల్లో గోడలు అద్దంలా నున్నగా ఉంటాయి. ఇదేమో అంతా చారలు చారలుగా ఉంది. సున్నం తిని ఆమె వేళ్ళు పగిలి, వారం రోజులు కొబ్బరినూనె రాసుకుంటూ తిరిగింది. అది చూస్తూనే ఉన్నాను.

నెల తిరక్కుండా, నాతో పనిచేసేవాళ్ళు ఇల్లు చూస్తామన్నారు. నాకు సిగ్గేసింది. ముందురోజు ఆ నీలం కనపడకుండా ఇనప బీరువాను కష్టపడి ఈడ్చి ఆ గోడకు చేర్చాను. రెండు పక్కలా జానెడు జానెడు నీలం మిగిలింది. వాళ్ళు వచ్చి టీ తాగుతుండగా ఆమె పళ్ళెం నిండా సకినాలు పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకి వచ్చింది. గోడ వైపు చూసింది. "బీరువ గక్కడ పెట్టినవా? మంచిగనే ఉంది" అని పళ్ళెం పెట్టి కిందికి వెళ్ళిపోయింది.

వాళ్ళు వెళ్ళగానే జరపాల్సింది. రేపు జరుపుదాం, ఆదివారం జరుపుదాం అంటూ రెండేళ్ళు గడిపాను. ఆమె ఒక్కసారి కూడా అడగలేదు. ఆకుకూర బాగుచేస్తూనే ఉంది, కనుబొమలు ఎగరేస్తూనే ఉంది. జబ్బు ముదిరి తమ్ముడి కొడుకు తీసుకెళ్ళాక, ఒక మధ్యాహ్నం తనే ఫోన్ చేయించింది. గొంతు సన్నబడిపోయింది. "నీ సముద్రం మంచిగున్నదా బిడ్డా?" అంది. బాగుందమ్మా, రోజూ చూస్తున్నా అన్నాను. అదే ఆఖరి మాట. ఆమెకు నేను చెప్పిన ఆఖరి మాట అబద్ధం.

శనివారం బీరువా ఇవతలికి లాగాను. రెండు పక్కలా మిగిలిన నీలం, ఈ రెండేళ్ళూ నాకు కనపడుతూ వచ్చినదే, ఎండకు వెలిసి కడిగిన బియ్యపు నీళ్ళ రంగుకు వచ్చింది. బీరువా ఉన్న మేర మాత్రం నిన్న పూసినట్టుంది. నేను చారలు అనుకున్నవి చారలు కావు. చెయ్యి తిప్పిన ప్రతి చోటా ఒక వంపు, దాని మీదికి ఇంకో వంపు. అలలు. ఎప్పుడూ చూడని మనిషి, ఇల్లు అలికే చేత్తో వేసింది. కింద కూలబడి ఏడ్చాను.

ఆదివారం పొద్దున సున్నం మనుషులతో ఆ అబ్బాయి వచ్చాడు. ఈ ఒక్క గోడ వదిలెయ్యి తమ్ముడూ అని చేతులు జోడించాను. అతను దగ్గరికి వచ్చి నీలం మీద చెయ్యి ఆనించి చూశాడు. "అత్త చేతి పనే గదా. ఉండనియ్యి అక్కా" అన్నాడు. తర్వాత కిటికీ వైపు చూసి, "కానీ ఎండ తగిలితే గీ రంగు ఉండదు. బీరువ మళ్ళ గక్కడనే పెట్టు, పదిలంగుంటది" అన్నాడు. మంచికే చెప్పాడు.

సున్నం మనుషుల చేత బీరువాను తలుపు పక్క మూలకు పెట్టించాను. అందరూ వెళ్ళిపోయాక, కింద నుంచి ఆమె పీట తెచ్చుకుని గోడ ఎదురుగా కూర్చున్నాను. ఒక విమానం పోయింది. చప్పుడు ఆగేదాకా ఆగాను. ఇంకొకటి వచ్చింది. బాగుందమ్మా అని పైకే అన్నాను. కిటికీలోని ఎండ నేల మీద మెల్లగా జరుగుతూ వచ్చి నీలం అంచును తాకింది. లేచి తెర వెయ్యలేదు.