హన్నమ్మ పేరులో చివరి అక్షరం

పోయిన నెలలో రెండు రోజుల కోసం హిందూపురం నుంచి బెంగళూరు వెళ్ళినప్పుడు, మైసూరు రోడ్డు పక్కన ఒక ఇనుప గేటు తెరవగానే వానకు తడిసిన నల్లరాతి వాసన ముక్కుకు తగిలి, అరవై దాటిన నేను గేటు కడ్డీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాతోపాటు బడిలో పనిచేసి రిటైరైన ఇద్దరు టీచర్లు, నగరంలో యూదుల ఆనవాళ్ళు తిప్పి చూపిస్తారంటే నన్నూ వెంట తెచ్చారు. పొద్దున బజారులో ఒకప్పుడు ఒక యూదు కుటుంబం బట్టల అంగడి ఉన్న చోటు చూశాం. ఇప్పుడక్కడ ఫోన్లు అమ్ముతున్నారు. ఆఖరిది ఈ శ్మశానం. దీన్ని నాకెవరూ చూపించనక్కర్లేదని వాళ్ళకు చెప్పలేదు.

ఈ గోడకు అవతలే మా నాన్న గంగప్ప రాతిపని చేసే రేకుల పంచ ఉండేది. సమాధి రాళ్ళు చెక్కేవాడు. ఎండాకాలంలో రాతి దుమ్ము మా అన్నం మీద కూడా వాలేది, వానాకాలంలో అదే దుమ్ము బూడిదరంగు బురదై కాళ్ళకు పట్టి ఆరాక పొలుసుల్లా రాలేది, చలికాలం వస్తే అమ్మ అనపగింజలు పితుకుతూ పంచలో కూర్చునేది, ఆ పచ్చి వాసనా ఉలి కొలిమి పొగా కలిసిపోయేవి. నాన్నకు ఏ భాషా చదవను రాదు. ఏడేళ్ళప్పటి నుంచీ కాగితం మీది అక్షరాలను ఎర్రమట్టి జాజుతో రాతి మీదికి దించడం నా పని. "చూసింది చూసినట్టే దించమ్మా. నీకు తెలిసింది కలపొద్దు," అనేవాడు ప్రతిసారీ.

ఏడాదికొకసారి, వాళ్ళమ్మ పోయిన రోజున, హన్నమ్మ వచ్చేది. బట్టల అంగడి ఏలియా గారి చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు. ఆటో దిగి ముందు మా పంచలోకే వచ్చి, "గుండ్రంది చూసి ఈయమ్మా, కోసుకునేది వద్దు," అని నా దగ్గర ఒక రాతిపెచ్చు తీసుకునేది. వాళ్ళు సమాధి మీద పూలు పెట్టరు, రాయి పెడతారు. బదులుగా ఖర్జూరం ముద్ద లోపల పెట్టి కాల్చిన బిస్కట్లు రుమాలులో మూటగట్టి తెచ్చేది, నేను తినేదాకా పక్కనే కూర్చుని నా పలక మీది చేతిరాతను మెచ్చుకునేది. నాకు పదేళ్ళప్పుడు ఆమె కడుపులో గడ్డ లేచి పోయింది.

మరుసటి ఏడాది ఏలియా గారు ఆమె పేరు హీబ్రూలో రాసిన కాగితం తెచ్చారు. ఏడాది తిరిగాక రాయి నిలబెట్టడం వాళ్ళ ఆచారం. పేరులో మూడే అక్షరాలు. మొదటిదీ చివరిదీ రెండు స్తంభాల మీద దూలం పెట్టిన వాకిళ్ళలా ఒకేలా కనిపించాయి. కాకపోతే చివరి దానిలో ఎడమ స్తంభం దూలానికి తగలకుండా కొంచెం కింద ఆగిపోయింది. ముసలాయన చెయ్యి వణికి సిరా పడలేదనుకున్నాను. హన్నమ్మ పేరు అందంగా ఉండాలని ఆ సందు పూడ్చి, రెండూ ఒకేలా దిద్దాను. అడుగుదామంటే ఆయన సామాన్లు అమ్ముకునే పనిలో ఊళ్ళు తిరుగుతున్నారు. ఆ రాత తెలిసినవాళ్ళలో నేనెరిగిన ఇంకో మనిషి, పోయిన హన్నమ్మే.

రాయి నిలబెట్టిన రోజు ఆయన వంగి పేరు మీద వేలితో తడుముతూ వచ్చి, చివరి అక్షరం దగ్గర ఆగారు.

"ఇది మా హన్నా పేరు కాదు మేస్త్రీ, ఈ సందు మూస్తే వేరే అక్షరం అయితుంది. ఎవరు రాసింది?"

నాన్న కాగితం చూశాడు, రాయి చూశాడు, ఒక్క క్షణం నన్ను చూశాడు. "నేనే రాసినా సామీ. కండ్లు మసకబారినాయి."

నేను నాన్న వెనక్కి జరిగాను.

"దిద్దేదానికి అయితుందా?"

"సందుంటే ఒక దెబ్బతో మూసిస్తా. మూసిందాన్ని తెరిచేదానికి కాదు సామీ, రాయి పోయె. నెల దినాలు ఆగండి, వేరేది చేసిస్తా."

"ఆగేదానికి లేదప్పా. ఎల్లుండి దేశం వదిలి పోతాండా. ఈడ చదివేవాళ్ళు ఇంకెవరుండారు? ఉండనీ." ఆయన ముఖం తుడుచుకుని, వెనక్కి చూడకుండా గేటు దాటారు.

నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత అక్షరాల పని పట్టలేదు. ఎవరొచ్చినా కండ్లు కనపడవని పంపేసేవాడు. పంచ ఎత్తేసి ఊరి బయట జిగణిలో రాతి పలకలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో చేరాడు. అక్కడి దుమ్ము నాలుగేళ్ళలో ఊపిరితిత్తుల్లో గూడు కట్టింది. పడకేసినప్పుడు ఒక సాయంత్రం, "నాన్నా, ఆ రాయి..." అన్నాను. "యాల ఇప్పుడు అదంతా? నీళ్ళియ్యి," అన్నాడు. తాగి గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ వారంలోనే పోయాడు.

పోయిన నెలలో మమ్మల్ని తిప్పిన అమ్మాయి సరిగ్గా ఆ రాయి ముందే ఆగింది. "ఇక్కడ పేరు తప్పు పడింది చూడండి. పాపం, చెక్కినవాడికి చదువు రాదు, పట్టించుకోలేదు," అంది. గుంపులో ఎవరో నవ్వారు. ఫోన్లు పైకి లేచాయి.

"ఆయన తప్పు కాదమ్మా," అన్నాను. "రాసింది నేను. నేను రాసింది రాసినట్టే మా నాన్న చెక్కినాడు."

నవ్వు ఆగిపోయింది. ఆ అమ్మాయి సిగ్గుపడి, "సారీ మేడం, ఇకమీద అట్లా చెప్పను," అంది. స్నేహితురాలు నా చెయ్యి పట్టుకుని, ఇన్నేళ్ళూ ఎవరికీ ఎందుకు చెప్పలేదని అడిగింది. వ్యాన్ వచ్చిందని పిలిచారు.

పంచ ఉన్న చోట ఇప్పుడు మెట్రో స్తంభం ఉంది. పేర్లు కంప్యూటర్ చూసి యంత్రం చెక్కుతుంది. ఎవరు రాసిందని అడిగిన పెద్దాయన ఏ దేశపు మట్టిలో ఉన్నారో తెలియదు. మా వాళ్ళకు రాయి నిలబెట్టే ఆచారం లేదు. నాన్నను పూడ్చిన చోట ఇళ్ళు లేచాయి, ఏ ఇంటి కింద ఉన్నాడో అడుగుదామన్నా అక్కడ మమ్మల్ని ఎరిగినవాళ్ళు లేరు.