ఊరు చూసేదానికే వచ్చినాము

పోయిన మంగళవారం పొద్దున కోవిల్‌పట్టి నుంచి ఫోన్ వచ్చింది, అత్త నిద్రలోనే పోయిందని. నేను వెళ్లేసరికి పందిరి కింద కూర్చున్న బంధువులు ఆమెను అప్పుడే సాధువును చేసేశారు. "పాపం, తనకంటూ ఏమీ కోరుకోని మనిషి" అన్నారొకరు. అందరూ తలలూపారు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. మా నాయనకు అక్క అయిన ఆ మనిషి చాలా కోరుకుంది. కోరుకున్నవాటిలో కొన్ని లాక్కుంది కూడా. ఒకటి నాకోసం లాక్కుంది. అది చెప్పకుండా ఊరుకుంటే నాకు మనశ్శాంతి ఉండదు.

అత్త అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లలు పేర్చేది. మా వైపు దాన్ని ఆఫీసు అంటారు. భర్త చిన్న వయసులోనే పోయాడు. ఆఫీసుకు సెలవైతే బస్సెక్కి, చూడని ఊరేదైనా చూసి వచ్చేది. పెళ్లి, చావు, గుడి, ఆసుపత్రి, ఈ నాలుగూ కాకుండా ఆడది ఊరు దాటడం మా ఇళ్లలో అప్పటికి లేదు. తమిళంలో ఐదో తరగతి చదివిన అత్త బస్సు కిటికీ పక్కన కూర్చుని బోర్డులన్నీ పైకే చదివేది. తరాలుగా తమిళనాడులో ఉన్నవాళ్లం, తెలుగు మాకు ఇంట్లో మాట మాత్రమే. ఈ అక్షరాలు నేను పెద్దయ్యాక నేర్చుకున్నవి.

తొంభైల చివర్లో నేను ప్లస్‌టూ ముగించాను. విరుదునగర్‌లో కాలేజీలో చేరతానంటే, నాగలాపురం దగ్గర మెట్టసేద్యం చేసుకునే మా నాయన ఒకటే మాట పట్టుకున్నాడు, తెలియని ఊళ్లో ఆడపిల్ల ఏం చేస్తుందని. దరఖాస్తు మీద సంతకం పెట్టనన్నాడు. గడువు ఇంకో వారమే ఉంది. సంగతి విన్న అత్త, "తెలియని ఊరంటే తెలుసుకుంటే సరి. రా అమ్మీ" అంది. కోవిల్‌పట్టిలో ఆమెకు సాయంగా ఉంటానని ఇంట్లో అబద్ధం చెప్పి వెళ్లాను.

అక్కడి నుంచి ఇద్దరం విరుదునగర్ బస్సెక్కాం. భుజాన చెరొక సంచి, అందులో చింతపండు అన్నం, నీళ్ల సీసా. విరుదునగర్‌లో దిగగానే ఆటోవాళ్లు చుట్టుముట్టారు. "ఆటోలో పోతే దోవ వానికి తెలుస్తాది, నీకు తెలవదు" అని నడిపించింది. బస్‌స్టాండు నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి హాస్టలుకు, అక్కడి నుంచి బజారుకు. ప్రతి మలుపులోనూ నన్ను నిలబెట్టి వెనక్కి చూడమనేది, తిరిగి వచ్చేటప్పుడు దోవ వేరేగా కనపడుతుందని. మిరపకాయల గోదాముల ఘాటుకు ఇద్దరం తుమ్ముతూనే నడిచాం. అన్నం పదకొండింటికే అయిపోయింది.

మధ్యాహ్నం ఆకలేసి పరోటా కొట్లో కూర్చున్నాం. ఎదురు బెంచీ మీద మీసాలాయన మమ్మల్నే చూస్తున్నాడు. బయట తెలుగులో మాట్లాడితే ఎవరికీ తెలియదని మాకు చిన్నప్పటి నుంచీ ధీమా. అత్త గొంతు కూడా తగ్గించలేదు. "ఈ మీసాలోడు మనల్ని మింగేటట్ల చూస్తా ఉండాడు. పెండ్లాము కూడు పెట్టలేదో ఏమో."

ఆయన తినడం ముగించి, చేయి కడుక్కుని వచ్చి, మా తెలుగులోనే అడిగాడు.

"పెట్టిందిలేమ్మా. మీరు ఎవరింటికి వచ్చినారు?"

ఆయన నాగలాపురం వాడు, మిరప వ్యాపారి. నా ముఖం చూసి, మా నాయన పేరు చెప్పి, ఆయన కూతురివేనా అన్నాడు.

"అవునన్నా, నా తమ్ముని కూతురే" అంది అత్త. "ఎవరింటికీ రాలేదు. ఊరు చూసేదానికే వచ్చినాము."

"ఆడోళ్లు ఇద్దరే?"

"ఇద్దరికీ కండ్లు ఉండాయి గదన్నా."

బస్సు ఎక్కిస్తాను రమ్మన్నాడు. రైల్వే స్టేషను వైపు ఇంకా చూడలేదని చెప్పింది. ఆయన వెళ్లిపోయాక నేను లేవబోతే చేయి పట్టి కూర్చోబెట్టింది. "మనము దొంగతనము చేయలేదు. తిను." తాను మాత్రం తన పరోటా ముట్టకుండా, ఆయన పోయిన దోవ వైపే చూస్తూ కూర్చుంది. ఆమెకూ భయమేనని ఆ రోజే తెలిసింది. అందుకే ఆమె మీద నాకు అంత గౌరవం.

మేమనుకున్నట్టే, మేము కోవిల్‌పట్టి చేరేలోపే కబురు నాయనకు చేరింది. మర్నాడు నాయన కోవిల్‌పట్టి వచ్చి గడపలోనే నిలబడి అరిచాడు. అత్త అంతా విని, దరఖాస్తు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"తెలియని ఊరక్కా" అన్నాడు నాయన, గొంతు తగ్గించి.

"నీకు తెలవదు. దానికి తెలుసు. అడుగు."

బస్‌స్టాండు నుంచి హాస్టలుకు ఎట్ల పోవల్ల అని నాయన అడిగాడు. మలుపు మలుపూ చెప్పాను. నేను చెప్పింది తప్పో ఒప్పో ఆయనకు తెలిసే దారి లేదు. అయినా కలం అడిగాడు.

చేరే రోజు ముగ్గురం వెళ్లాం. విరుదునగర్ బస్‌స్టాండు బయట నాయన పెట్టె నెత్తిన పెట్టుకుని, రోడ్డు అటూ ఇటూ చూసి, నా వైపు తిరిగాడు.

"ఏ పక్కమ్మా?"

నేను ముందు నడిచాను, నాయన నా వెనక. మలుపులో తిరిగి చూస్తే అత్త ఇంకా చాలా దూరంలో ఉంది. గాజుల కొట్టు ముందు నిలబడి, ఏదీ కొనకుండా, తీరిగ్గా చూస్తోంది.