ఫ్రీవీల్ రాని పది రోజులు

ఆ ఏడాది వానలు ఆగలేదు. ములకలపల్లి దాటి అడవిలోకి పదకొండు కిలోమీటర్ల దారి, సగానికి పైగా ఎర్రమట్టి బాట. గూడేల్లో క్షయ ఉన్నవాళ్ళకు మాత్రలు చేర్చడం నా పని. సైకిలు మీదే తిరిగేదాన్ని.

ఆ దారి చివరి గూడెంలో నలభై దాటిన మనిషి ఒకాయన ఉండేవాడు. మొదటిసారి చూసినప్పుడు మంచం మీద నుంచి లేవలేకపోయాడు. మూడు నెలలు మాత్రలు పడ్డాక గుమ్మంలో కూర్చుని నాకోసం చూసేవాడు. ఒకసారి నెలకు సరిపడా ఇస్తే సగం మింగడం మరిచిపోయాడు. అప్పటి నుంచి ఏడు రోజులకే ఇచ్చేదాన్ని. ఆ నిర్ణయం నాదే.

ఆరోజు ఆయన దగ్గరికే వెళ్తున్నాను. నాలుగు కిలోమీటర్లు పోయాక పెడల్ ఉన్నట్టుండి తేలికైపోయింది. ఎంత తొక్కినా వెనక చక్రం కదల్లేదు. ముందు ఏడు కిలోమీటర్లు, పైన వాన. మాత్రలు సంచిలో ఉన్నాయి. ఆయన దగ్గర ఆ సాయంత్రానికే అయిపోతాయని నాకు తెలుసు. రెండు రోజుల్లో వద్దాంలే అనుకుని సైకిలు తోసుకుంటూ వెనక్కి తిరిగాను.

బజారులో సైకిళ్ళు బాగుచేసే ముసలాయన్ని అందరం చాచా అంటాం. వెనక చక్రం విప్పి, చైన్ పట్టుకునే పళ్ళ బిళ్ళను వేలితో తడిమి చూశాడు.

"ఏంది బిడ్డా, బురదల ముంచి తీసినవా? ఫ్రీవీల్ లోపలంతా ఇసుకే. పండ్లు అరిగినయ్, చైన్ సాగింది. బ్రేక్ రబ్బర్లయితే లేనే లేవు, ఇనుము రుద్దుతాంది."

"ఫ్రీవీల్ ఒక్కటి జల్దీ ఎయ్యి చాచా. ఎల్లుండి పోవాలె."

"పాత చైన్ దాన్ని నెల గూడ ఉండనియ్యదు. రెండూ మార్చాలె. నా తాన లేవు, ఖమ్మం నుంచి రావాలె."

సామాను రెండు రోజులకు రాలేదు, అయిదు రోజులకూ రాలేదు. రోడ్డు మీద నీళ్ళున్నాయన్నారు. ఆ బురదలోకి తమ సైకిలు ఇవ్వడానికి ఎవరూ ఒప్పుకోలేదు. గూడెంలో ఫోన్ సిగ్నల్ లేదు. నడిచైనా వెళ్ళి ఉండొచ్చు. రోజూ పొద్దున్నే వాన వైపు చూసి, రేపు సామాను వస్తుందిలే అనుకున్నాను. పది రోజులు అలాగే అనుకున్నాను.

పదో రోజు సామాను దిగింది. చాచా అన్నానికి కూడా లేవకుండా అన్నీ మార్చాడు. సైకిలు ఎంత తేలిగ్గా పోయిందంటే, దారిలో నాకు సంతోషం వేసింది. 

గుమ్మంలో ఆయన లేడు. భార్య బయటికొచ్చింది.

"మొన్న పొద్దుగాల పోయిండక్కా. నెత్తురు కక్కిండు."

"దవాఖానకు తీసుకపోలేదా?"

"రోడ్డు దాకా మోసుకపోతమంటే వద్దన్నడు. అక్క మాత్రలు తెస్తది, ఆగుండ్రి అన్నడు."

ఆమె గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది. చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగాను. సంచి విప్పలేదు.

ఊపిరితిత్తులు ముందే పాడైపోయాయి, పది రోజులకు పోయిన ప్రాణం కాదు అని డాక్టరు తర్వాత చెప్పారు. నన్ను ఓదార్చడానికే అన్నారేమో. అడగాలంటే భయం.

నెల తిరగకుండానే ఆయన కూతురికి దగ్గు మొదలైంది. పరీక్షలో అదే జబ్బని తేలింది. ఇప్పుడు ఆ అమ్మాయికి మాత్రలు తీసుకెళ్తున్నాను. నేను రాలేకపోయినా ఆగకుండా, ఏడు రోజులవి కాదు, పదిహేను రోజులవి ఇస్తున్నాను. ఆ అమ్మాయి నా మొహం వైపు చూడకుండా చెయ్యి చాపి తీసుకుంటుంది.