వెనక్కి వచ్చిన బండి

నా చిన్నప్పుడు, సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజుల్లో, ఏలూరులో మా అమ్మమ్మగారింట్లో నాకు ఆటలమ్మ పోసింది. తమ్ముడు పుట్టి అప్పటికి నెలైనా నిండలేదు. వాడికి సోకుతుందని నన్ను వెనకగదిలో పెట్టి, ద్వారానికి వేపమండలు కట్టారు. అమ్మమ్మ తప్ప ఎవరూ లోపలికి రాకూడదు, నేను బయటికి పోకూడదు. హాల్లోంచి అమ్మ గాజుల చప్పుడు వినిపించేది, అమ్మ కనిపించేది కాదు. ఇదంతా వాడి వల్లే కదా అని తమ్ముడి మీద ఒళ్ళు మండిపోయేది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది.

పక్కింటి అక్క, రేడియోలు బాగుచేసే సాయిబుగారి పెద్దమ్మాయి, పాలిటెక్నిక్ చదివేది. నా ఏడుపు వినలేక కిటికీ అవతల పీట వేసుకుని కూర్చుని, పాత టేప్‌రికార్డర్ మోటారుతో చిన్న బండి చేసింది. దాన్ని అమ్మ దగ్గరికి పంపవచ్చనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మమ్మ అడ్డుపడింది.

"వెళ్తుంది సరే, తిరిగెలా వస్తుందమ్మా? ఈ గదిలోది అక్కడ ఎవరూ ముట్టుకోకూడదు."

"అదే వస్తుందండీ మామ్మగారూ," అంది అక్క.

మర్నాడు నాలుగు ట్రాన్సిస్టర్లు తెచ్చింది. గోరంత నల్లటివి, ఒక్కోదానికీ మూడు కాళ్ళు. మోటారుకి అటు రెండు, ఇటు రెండు, కరెంటు వెళ్ళే తలుపులనుకోమంది. ఎదురుమూలల రెండూ తెరిస్తే బండి ముందుకి, మిగతా రెండూ తెరిస్తే వెనక్కి. అందుకు పొడవాటి వైరు చివర రెండు బటన్లు, ముందుకొకటి, వెనక్కొకటి. రెండూ ఒకేసారి నొక్కితే కరెంటు మోటారుని వదిలేసి అడ్డదారిన పోయి ట్రాన్సిస్టర్లని కాల్చేస్తుందని మరీమరీ చెప్పింది.

వింటేగా! బండి మంచంకోడుకి గుద్దుకోగానే కంగారులో రెండూ నొక్కేశాను. గుప్పున పొగ. ఇక అమ్మని చూసినట్టే అని బావురుమన్నాను.

అక్క కాలినవి తీసి వేరేవి అతికింది. కానీ ఆ పూటంతా బ్యాటరీలు తన దగ్గరే ఉంచుకుని ఉత్త బటన్లు నా చేతికిచ్చింది. "వేలెత్తమ్మా. ఊపిరి పీల్చు. ఇప్పుడు రెండోది." ఒళ్ళంతా దురద, పైగా ఈ గోల! ఎన్నిసార్లు నొక్కించిందో.

మర్నాడు పొద్దున బండి గది దాటింది. హాల్లో గాజుల చప్పుడు ఆగింది. "వచ్చిందే నీ బండి, నా బంగారం!" అని అమ్మ గొంతు. వెంటనే లాగేసుకోవాలనిపించింది. వేలెత్తాను. ఊపిరి పీల్చాను. నొక్కాను.

బండి వెనక్కి వచ్చింది. దాని మీద తమ్ముడి టోపీ ఉంది, నా పిడికిలంత. పాలవాసన, సాంబ్రాణి వాసన. మొహానికి అదుముకుని ఏడ్చాను, ఈసారి వాడి మీద కోపంతో కాదు.

ఆ టోపీ ఇప్పటికీ నా బీరువాలో ఉంది. వాడికి మీసాలొచ్చాయి. నా తొందరబుద్ధి మాత్రం పోలేదు. కాకపోతే నోటికొచ్చింది అనేసేముందు నా చూపుడువేలు దానంతటదే పైకి లేస్తుంది, ఒక్క ఊపిరిసేపు ఆగుతాను. ఎక్కువగా వాడితో పోట్లాడేటప్పుడే.